సుంకరి ముందు సెల్ ఫోను

క్రీ.శ. 1244లో కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చిన శాసనమది. అంతకు పూర్వం గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకునంతా రాజులు స్వాధీనం చేసికొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసికోబోమని మాట ఇచ్చాడు. రేవుకు వచ్చిన సరుకుపై రాజుకు అధికారం ఉన్నదనీ, ఆ అధికారానికొక హద్దు కూడా ఉన్నదనీ ఈ శాసనం వలన తెలుస్తుంది.

సుంకం వసూలు చేసేవాడు సుంకరి. ‘సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు’ అని సామెత. సుంకరికి కావలసింది బండిలోని బస్తాల లెక్క. బండివాని ఇంటి సంగతులు అతనికి అక్కరలేదు, చెప్పినా వినడు. ఈనాటి సుంకరి విషయం వేరు. ప్రయాణికుడు నోరు విప్పకపోయినా, అతని జేబులోని సెల్ ఫోను సుఖదుఃఖాలన్నీ చెప్పివేయగలదు. తల్లి పంపిన మాటలు, చెల్లెలి పెళ్ళి ఫొటోలు, వైద్యుని చీటీలు, బ్యాంకు లెక్కలు, స్నేహితునితో పడిన తగవు అన్నీ అందులోనే ఉంటాయి. పెట్టెలో ఇన్ని పెట్టుకొని ప్రయాణం చేసినవాడు పూర్వం ఎవడూ లేడు.

ఈ చిక్కు అమెరికాలో స్పష్టంగా కనిపిస్తుంది. అకారణంగా ప్రజలను సోదా చేయరాదని ఆ దేశ రాజ్యాంగానికి 1791లో చేర్చిన నాలుగవ సవరణ చెబుతున్నది. కాని అంతకు రెండేళ్ళ ముందే, 1789లో, సుంకం ఎగవేసిన సరుకున్నదని అనుమానం కలిగితే వారంటు లేకుండానే ఓడలను సోదా చేసే అధికారాన్ని అక్కడి తొలి కాంగ్రెసు అధికారులకు ఇచ్చింది. అప్పటి నుండి సరిహద్దు ఒక మినహాయింపుగా నిలిచిపోయింది. కారు పెట్రోలు ట్యాంకును విప్పి చూడడానికి అనుమానం కూడా అవసరం లేదని 2004లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

పెట్రోలు ట్యాంకూ సెల్ ఫోనూ ఒకటేనా? 2014లో అదే కోర్టు మరొక సందర్భంలో, అరెస్టు చేసిన మనిషి జేబులోని ఫోనును చూడడానికి సైతం పోలీసులు సాధారణంగా వారంటు తీసికోవాలని ఏకగ్రీవంగా చెప్పింది. జేబులోని ఇతర వస్తువులతో ఫోనును పోల్చడం సరికాదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ వివరించాడు. అయితే ఆ తీర్పు సరిహద్దును గురించి ఏమీ చెప్పలేదు. నేరారోపణ ఉన్నవాని ఫోనుకు దొరికిన రక్షణ, ఏ నేరమూ చేయని ప్రయాణికుని ఫోనుకు దొరకకపోవడం వింతే.

2017 జనవరిలో నాసా సంస్థకు చెందిన ఒక ఇంజనీరు చిలీ దేశం నుండి హ్యూస్టన్ విమానాశ్రయంలో దిగాడు. సౌరశక్తితో నడిచే కార్ల పందేలలో పాల్గొని వస్తున్నాడాయన. పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అధికారులు ఆయనను పక్కకు పిలిచి, ఫోను తెరిచే రహస్య సంఖ్య అడిగారు. అది ఆఫీసు ఫోనని చెప్పినా వినలేదు. చివరకు ఆయన సంఖ్య చెప్పాడు. కొంతసేపటికి ఫోను తిరిగి ఇచ్చారు. ఈలోగా దానిలో ఏమి చూశారో ఆయనకు తెలియలేదు. ఆ సంవత్సరమే ఆయనా, మరికొందరూ కలిసి కోర్టుకు వెళ్ళారు. 2019లో కింది కోర్టులో చాలావరకు గెలిచారు; 2021లో పై కోర్టులో ఓడిపోయారు. సుప్రీం కోర్టు ఆ కేసును విచారణకు తీసికోలేదు.

2018 జనవరిలో అమెరికా కస్టమ్స్ శాఖ తన అధికారులకు నియమాలు రూపొందించింది. వాటి ప్రకారం ఫోనును చేతితో తిప్పి చూడడానికి అనుమానం అక్కరలేదు. యంత్రానికి తగిలించి సమాచారాన్ని నకలు తీయాలంటే తగిన అనుమానమో, దేశభద్రతకు సంబంధించిన కారణమో ఉండాలి. ఫోనులో ఉన్నదే చూడాలి. ఇంటర్నెట్టు సంబంధం తెంచివేయాలి. చదవడానికి బాగానే ఉన్నవి. కాని నకలు తీసిన సమాచారాన్ని 15 ఏళ్ళ వరకు దాచవచ్చునని 2022లో బయటపడింది. 2015లో సుమారు 8,500 సోదాలు జరిగితే, 2024లో 47,000కు పైగా జరిగాయి. అంటే దాదాపు తొమ్మిది వేల మంది ప్రయాణికులలో ఒకరి వంతు. ఆ ఒక్కరూ ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు.

న్యూజిలాండ్ 2018లో చేసిన చట్టం ప్రకారం పాస్‌వర్డు చెప్పనివారికి 5,000 డాలర్ల వరకు జరిమానా ఉంటుంది. అయితే అక్కడ అధికారికి ముందు సహేతుకమైన అనుమానం కలగాలి.

మన దేశంలో కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన పిటిషనుపై, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీం కోర్టు న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో ప్రకటించారు. పిటిషను వేసేనాటికి ఆయన ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడు. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసికోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి పోరాదు. ఇది గొప్ప తీర్పే. కాని షికాగో విమానాశ్రయంలో దీనిని చూపి ప్రయోజనం లేదు.

గుంటూరు నుండి గాని, హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి ఊళ్ళ నుండి గాని పై చదువులకు అమెరికా వెళ్ళే తెలుగు విద్యార్థికి ఇది దూరపు సంగతి కాదు. అక్కడి పౌరుడు పాస్‌వర్డు చెప్పకపోతే ఫోనును కొన్ని రోజులు ఉంచుకోగలరు గాని, అతనిని దేశంలోనికి రానీయకుండా ఆపలేరు. విదేశీయుని విషయంలో ఆ నిరాకరణను కూడా లెక్కలోనికి తీసికొని వెనుకకు పంపవచ్చు. 2025 జూన్ నుండి విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమాల ఖాతాలను అందరికీ కనబడేటట్లు ఉంచాలని కూడా ఆదేశించారు. అంటే సోదా రేవు దాకా రాకముందే, ఇంటి దగ్గరే మొదలవుతున్నది.

అందువలన తెలిసినవారు ప్రయాణానికి ముందే ఫోనులో అవసరం లేనివాటిని ఇంటి కంప్యూటరులో దాచి, ఫోనును తేలిక చేసికొంటారు. విమానం దిగకముందే దానిని పూర్తిగా ఆపివేస్తారు. ఆపిన ఫోను మళ్ళీ రహస్య సంఖ్య నొక్కేవరకు వేలిముద్రకు తెరుచుకోదు. అధికారి అడిగిన తరువాత ఏదైనా చెరిపివేయడం, అబద్ధం చెప్పడం మాత్రం కొత్త చిక్కులు తెచ్చిపెడతాయి. ఫోను ఉంచుకొంటామంటే రసీదు అడిగి తీసికోవాలి. అధికారి పేరు, బ్యాడ్జి సంఖ్య, వేళ రాసి పెట్టుకోవాలి. ఫోను తిరిగి వచ్చిన రోజునే పాస్‌వర్డులన్నీ మార్చుకోవాలి.