చుక్కలను చూపే అద్దాలు

ఊరికి దూరదర్శిని వచ్చింది. ఆడవాళ్ళు, పిల్లలు వరుస కట్టారు. కానీ చుక్క చుక్కలా లేదు. తోకలాగా సాగింది. గొట్టం చెడిపోయిందా? లేదు. బండి కుదుపులకు అద్దాలు కదిలాయి.

గొట్టం అడుగున పెద్ద అద్దం ఉంటుంది. అది పళ్ళెంలా కొంచెం గుంటగా ఉంటుంది. పైన చిన్న అద్దం ఏటవాలుగా ఉంటుంది. పెద్దది వెలుగును పైకి పంపుతుంది. చిన్నది దాన్ని మన కంటికి తిప్పుతుంది. 1968లో ఉస్మానియా యూనివర్సిటీ వారు రంగాపూర్‌లో పెద్ద దూరదర్శిని పెట్టారు. దాని అద్దం వెడల్పు 48 అంగుళాలు. అంటే నాలుగు అడుగులు!

అద్దాలను మనమే సరిచేయవచ్చు. పగలు నీడలో కూర్చోండి. కంటి దగ్గరి భూతద్దం తీసి, ఆ రంధ్రంలోంచి చూడండి. ముందు చిన్న అద్దం స్క్రూలు తిప్పండి. అందులో పెద్ద అద్దం అంచు మొత్తం కనపడాలి. తర్వాత పెద్ద అద్దం వెనకాల మూడు స్క్రూలు ఉంటాయి. ఒకరు చూస్తుంటే ఇంకొకరు మెల్లగా తిప్పాలి. చూసేవారి కన్ను సరిగ్గా నడుమ కనపడితే ఆపండి.

రాత్రి ధ్రువ నక్షత్రం చూడండి. అది కదిలినట్టు కనపడదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అది ఉత్తరాన కిందికే ఉంటుంది. చెట్లు అడ్డం లేని చోటు వెతకండి. భూతద్దం కొంచెం వెనక్కి జరపండి. చుక్క మసకై, ఒకదానిలో ఒకటి గుండ్రాలు సమంగా కనపడితే అద్దాలు కుదిరినట్టే.

అద్దాన్ని కొంగుతో తుడవకండి. మన ఇంటి అద్దానికి పూత వెనక ఉంటుంది. దీనికి ముందరే ఉంటుంది. గీతలు పడతాయి. ఈ గొట్టంతో సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి. కన్ను పోతుంది.