లేజర్ కటింగ్‌కు రేటు కట్టడం ఎలా?



మన హాస్టల్లో ఉండి పదో తరగతి పాసై, ఐటీఐ చేసి, జీడిమెట్లలో ఆపరేటరుగా చేరాను. పన్నెండేళ్ల తర్వాత బ్యాంకు అప్పుతో సొంతంగా లేజర్ కటింగ్ మిషన్ పెట్టుకున్నాను. మిషన్ నడపడం బాగా వచ్చు గానీ రేటు కట్టడం రాదు. మొదటి ఎస్.ఎస్. ఆర్డరుకు మామూలు ఇనుము, అంటే ఎం.ఎస్. షీటు రేటే చెప్పాను. అరగంట కోతలోనే రెండు నైట్రోజన్ సిలిండర్లు ఖాళీ అయి మూడోది తగిలించాల్సి వచ్చింది. వచ్చిన బిల్లు ఖర్చుకే చాలలేదు. ఆ రోజు నేర్చుకున్న లెక్కే ఈ పాఠం. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

1. మిషన్ గంట రేటు

మిషన్ ధర 30 లక్షలు, 6 ఏళ్ల తర్వాత అమ్మితే 6 లక్షలు వస్తాయనుకుందాం. తరుగు 24 లక్షలు, అంటే ఏడాదికి 4 లక్షలు. ఏడాదికి 2,000 గంటల పని దొరికితే గంటకు తరుగు 200 రూపాయలు. మిగతా ఖర్చులనూ ఇలాగే గంటకు తేవాలి.

తరుగు – 200
అప్పు వడ్డీ – 120
జీతాలు – 300
అద్దె – 120
కరెంటు – 135
నాజిళ్లు, లెన్సులు, మరమ్మతు – 75
మొత్తం – 950 రూపాయలు

మొదటి నాలుగు ఖర్చులు పని ఉన్నా లేకున్నా తప్పవు. పండుగ సెలవులకు సగం మంది ఇంటికి పోయినా మన వంటమనిషి జీతం తగ్గదు కదా! పని 1,000 గంటలకు పడిపోతే ఆ 740 రూపాయలు 1,480 అవుతాయి, గంట రేటు 1,690కి చేరుతుంది. కాబట్టి నిజంగా దొరికే పని గంటలతోనే భాగించాలి.

2. గ్యాసు రేటు

ఎం.ఎస్.కు ఆక్సిజన్ వాడతాం. అది ఇనుముతో కలిసి మండి వేడినిస్తుంది, కోతకు సాయపడుతుంది. అందుకే ఒక బార్ లోపు పీడనం చాలు. 1.2 మి.మీ. నాజిల్‌తో గంటకు ఒకటిన్నర ఘనపు మీటర్లు మించదు. ఎస్.ఎస్.ను ఆక్సిజన్‌తో కోస్తే అంచు నల్లబడుతుంది. అంచు మెరవాలంటే నైట్రోజన్ కావాలి. అది మండదు, కరిగిన లోహాన్ని బలంగా ఊది బయటికి నెడుతుంది. 12 బార్ల పీడనం, 2 మి.మీ. నాజిల్ అయితే గంటకు సుమారు 28 ఘనపు మీటర్లు పోతుంది.

47 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ల దగ్గర సుమారు 7 ఘనపు మీటర్ల గ్యాసు ఉంటుంది. 20 బార్లకు దిగాక కోతకు బలం చాలదు. ఆ మిగులు వాపసు పోతుంది. మనకు దక్కేది 6. సిలిండర్ 420 రూపాయలైతే ఘనపు మీటరు 70. గంటకు 28 × 70 = 1,960 రూపాయలు. మిషన్ ఖర్చు కంటే గ్యాసు ఖర్చే రెట్టింపు! ఆక్సిజన్ ఘనపు మీటరు 50 అనుకున్నా గంటకు 75 రూపాయలే.

నాజిల్‌ను కూడా గమనించండి. వృత్త వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 మి.మీ. బదులు 2.5 పెడితే గ్యాసు 56 శాతం ఎక్కువ పోతుంది.

మీ వాడకం తెలుసుకోవాలంటే కోతకు ముందు, తర్వాత గేజి చూడండి. తగ్గిన బార్లను 47తో గుణిస్తే వాడిన లీటర్లు వస్తాయి.

3. జాబ్ రేటు

కోత 30 నిమిషాలు, షీటు ఎక్కించి దించడానికి 20 నిమిషాలు అనుకుందాం. మిషన్ ఖర్చు 50 నిమిషాలకూ వేయాలి. గ్యాసు కోసిన 30 నిమిషాలకే.

మిషన్ – 792
నైట్రోజన్ – 980
మొత్తం – 1,772
లాభం 20 శాతం – 354
చెప్పాల్సిన రేటు – 2,126 రూపాయలు

ఇదే జాబ్‌కు ఆక్సిజన్ లెక్క వేస్తే 830, లాభంతో 996 రూపాయలు. నేను చేసిన తప్పు ఇదే. లాభం వచ్చిందనుకుంటూ చేతి నుంచి 776 రూపాయలు పోగొట్టుకున్నట్టు. అందుకే ఇప్పుడు కొటేషన్‌లో మిషన్, గ్యాసు వేరు వేరు వరుసల్లో రాస్తాను. బేరమాడేవారికి కూడా ఆ కాగితమే చూపిస్తాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పని నేర్చుకుంటే జీతం వస్తుంది. పనితోపాటు లెక్క కూడా నేర్చుకుంటేనే సొంత షెడ్డు నిలుస్తుంది. గణితం పీరియడ్‌ను తేలిగ్గా తీసుకోకండి.

– ఒక పూర్వ విద్యార్థి