ప్లాస్టిక్ పొడి: పొలము నుండి ఒంటిలోనికి

ఆనందపురం, భీమిలి ప్రాంతముల కూరగాయలు తెల్లవారుసరికి విశాఖపట్నం రైతుబజార్లకు చేరుచున్నవి. రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేయువారు ఆ కూరలనే తిందురు. మన పిల్లలును అవియే తిందురు. కావున మన మడిలో ఏమి మిగులుచున్నదో మనమే కనిపెట్టవలెను.

చిరిగిన మల్చింగు షీటు, ఎరువుబస్తా పీచు, నారు కవర్లు ఎండకు పెళుసెక్కి ముక్కలగును. 5 మిల్లీమీటర్ల కంటె చిన్న ముక్కలను మైక్రోప్లాస్టిక్ అందురు. ఇవి మట్టిలో కుళ్ళవు. వాననీటితో గెడ్డలలోనికి, అచటినుండి సముద్రమునకు పోయి, నీరు, చేప, ఉప్పు, ధూళి ద్వారా మరల మన ఒంటిలో ప్రవేశించును. మరణించినవారి మెదడులో కాలేయము, మూత్రపిండముల కంటె ఎక్కువ ప్లాస్టిక్ కనబడెనని 2025లో అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. దీనివలన ఏ జబ్బు కలుగునో ఇంకను తేలలేదు. చేరినదానిని తీసివేయు మందును లేదు. విత్తు రాలకముందే కలుపు తీసినట్లు, లోనికి పోకుండ చూచుటయే ఉపాయము.

పొలములో చేయవలసినవి:

1. కూరగాయల మళ్ళకు 25 మైక్రాన్ల కంటె పలుచని షీటు కొనరాదు. పంట తీయగానే, దుక్కికి ముందే, ముక్క మిగులకుండ ఏరవలెను. వరిగడ్డి దొరికినచోట దానినే పరచుట మేలు.

2. ఏరినదానిని గట్టుమీద తగులబెట్టరాదు. విషపు పొగ లేచును. కాలని ముక్కలు మట్టిలోనే మిగులును. మట్టి దులిపి పంచాయతీ చెత్త కేంద్రమునకు ఇవ్వవలెను. పురుగుమందు డబ్బాలను మాత్రము వేరుగా ఉంచవలెను.

ఇంటిలో చేయవలసినవి:

1. వేడి టీ, సాంబారు ప్లాస్టిక్ కవర్లలో తేరాదు. కాగితపు కప్పులోపలను పలుచని ప్లాస్టిక్ పొర ఉండును. అట్టి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషములుంచగా సుమారు 25,000 సూక్ష్మకణములు చేరినట్లు 2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు తేల్చిరి. పొలమునకు స్టీలు గ్లాసు, క్యారేజి తీసుకొనిపోవలెను. విందులకు అడ్డాకు విస్తళ్ళు వాడవలెను.

2. సున్నము పేరుకొను బోరునీటిని 5 నిమిషములు మరగించి, చల్లార్చి, వడగట్టి త్రాగవలెను. మరగినపుడు విడివడు సున్నము ప్లాస్టిక్ కణములను చాలవరకు తనతో పట్టుకొనును.

గ్రామాధికారులు గమనింపవలెను: 120 మైక్రాన్లకు తక్కువైన చేతిసంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినవి. సంతలో దీనిని అమలుపరచి, పంట ముగిసినపిమ్మట దండోరా వేయించి, ఒకేదినమున ఊరంతటి షీటును పోగుచేయించవలెను. రానున్న దుక్కికి ముందే ఈ పని ఆరంభింపుడు.