సంఘ భవనానికి కాంట్రాక్టరు: తరగతి కాగితం ఏమి చెపుతుంది, ఏమి చెప్పదు



పాల సేకరణకు సొంత గది, బల్క్ కూలరుకు షెడ్డు, దాణాకు గోదాము. వీటిలో ఏదో ఒకటి కట్టుకొనవలెనని అనేక సంఘాలు తీర్మానాలు చేస్తున్నవి. ఇది సంతోషించదగిన విషయమే. అయితే తనిఖీకి వెళ్లిన చోటల్లా పాలకవర్గ సభ్యులు మమ్ములను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "సార్, ఆయన ఫస్టు క్లాసు కాంట్రాక్టరట, సర్టిఫికెట్టు కూడా చూపించిండు. పని అప్పజెప్పొచ్చునా?" ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పడానికి వీలులేదు. అందుకే ఈ పాఠం.

ముందుగా సొమ్ము లెక్క

బయ్యారం మండలంలో ఒక సంఘం ఉన్నదనుకుందాం. రోజుకు సగటున 300 లీటర్ల పాలు పోస్తున్నారు. భవన నిధి కొరకు లీటరుకు ఒక రూపాయి నిలుపుకొన్నారు. సంవత్సరానికి జమ అయ్యేది 1,09,500 రూపాయలు. 12 లక్షల రూపాయల భవనానికి కావలసిన సొమ్ము కూడబెట్టడానికి సుమారు 11 సంవత్సరాలు పడుతుంది. అంటే ఒక తల్లి తన బిడ్డను బడిలో వేసిన నాటి నుంచి ఆ బిడ్డ పదో తరగతి పరీక్ష వ్రాసేదాకా ఉదయం, సాయంత్రం పోసిన పాలు ఆ గోడలలో ఉన్నవన్నమాట. ఆ సొమ్మును ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసుకొనుట పాలకవర్గం యొక్క మొదటి విధి.

తరగతి అనగా ఏమి?

ప్రభుత్వ శాఖల పనులకు టెండరు వేయదలచిన కాంట్రాక్టరు ముందుగా శాఖలో రిజిస్టరు కావాలి. రోడ్లు భవనాలు, నీటిపారుదల, పంచాయతీరాజ్ వంటి ఇంజనీరింగు శాఖలలో ఈ పద్ధతి ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటిపారుదల శాఖ 2003 జూలై 1న జారీ చేసిన జి.ఓ. 94 టెండర్ల విధానాన్ని సవరించి క్రమబద్ధం చేసింది. తరగతులు ఆరు: ప్రత్యేక తరగతి, దాని దిగువన ఒకటి నుంచి ఐదు వరకు. ప్రత్యేక తరగతి అన్నింటికంటె పెద్దది, ఐదవది అన్నింటికంటె చిన్నది.

తరగతిని నిర్ణయించేటప్పుడు అంతకు ముందు చేసిన పనుల విలువ, ఆస్తి పరపతిని తెలిపే సాల్వెన్సీ సర్టిఫికెట్టు, పై తరగతులకైతే ఇంజనీర్లు, యంత్రాలు కూడా చూస్తారు. ప్రత్యేక తరగతి దిగువన ఉన్న ఒక్కొక్క తరగతికి ఒక గరిష్ఠ విలువ ఉంటుంది. ఆ విలువకు మించిన పనికి ఆ తరగతివారు టెండరు వేయరాదు. ఈ పరిమితులు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటవి గనుక పాత అంకెలు నోటిమాటగా నమ్మవద్దు. రిజిస్ట్రేషను ఉత్తర్వు కాపీ అడిగి, అందులో ఉన్నదే చూడండి.

కనుక తరగతి చెప్పేది ఇంతే: ఈ మనిషి ప్రభుత్వంలో ఇంత విలువ వరకు పని అడగవచ్చును. ఆయన పని బాగా చేస్తాడని గాని, మన భవనం వంటిది కట్టిన అనుభవం ఉన్నదని గాని, ప్రస్తుతం తీరిక ఉన్నదని గాని ఆ కాగితం చెప్పదు.

మన పనికి తరగతి తప్పనిసరా?

కొన్ని దేశాలలో ఇల్లు కట్టే కాంట్రాక్టరుకు రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తేనే పని చేయాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అటువంటిది. మన రాష్ట్రంలో ప్రైవేటు భవనం కట్టే సివిలు కాంట్రాక్టరుకు అటువంటి రాష్ట్ర లైసెన్సు లేదు. సంఘం తన సొంత నిధులతో కట్టుకొనేటప్పుడు తరగతి లేని అనుభవజ్ఞుడైన మేస్త్రీకి కూడా పని ఇవ్వవచ్చును.

అయితే ఒక భేదం గమనించవలెను. ప్రభుత్వ గ్రాంటు, లేక 2014లో మొదలైన జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమం వంటి పథకం సొమ్ము కలిస్తే, ఆ మంజూరు ఉత్తర్వులోని షరతులే చెల్లుతవి. టెండరు పిలవాలా, ఏ తరగతివారిని పిలవాలి, పని సంఘం చేయించాలా లేక శాఖ చేయించాలా అన్నది అందులో ఉంటుంది. ఉత్తర్వు చదవకుండా మేస్త్రీతో బేరం కుదుర్చుకొన్న సంఘానికి తరువాత బిల్లు పాస్ కాదు.

లైసెన్సు తప్పనిసరి అయిన పని: కరెంటు

సివిలు పనికి లేని లైసెన్సు కరెంటు పనికి ఉన్నది. 1956 నాటి విద్యుత్ నిబంధనలలోని 45వ నిబంధన దీనిని చెప్పింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా అదే మార్గాన్ని కొనసాగించినవి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటివి మార్చడం మినహాయింపు. కొత్త వైరింగు గాని, ఉన్న వైరింగులో చేర్పులు, మార్పులు గాని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి. యోగ్యతా పత్రం గల సూపర్‌వైజరు పర్యవేక్షణ ఉండాలి.

మన పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. క్యాన్లు ఇనుము లేక అల్యూమినియం. కూలరుకు త్రీఫేజు కరెంటు, పక్కన జనరేటరు. చెప్పులు విడిచి వచ్చి పాలు పోసే ఆడవారు, వెంట వచ్చే పిల్లలు. ఇక్కడ ఎర్తింగు సరిగా లేకపోతే పోయేది డబ్బు కాదు. కాబట్టి భవనం కాంట్రాక్టరు "కరెంటు కూడా మా వాడే చేస్తాడు" అంటే, ఆ 'మా వాడి' లైసెన్సు చూడనిదే ఒప్పుకొనవద్దు. సివిలు తరగతి ఎంత పెద్దదైనా అది కరెంటు లైసెన్సు కాజాలదు.

తికమక పెట్టే మరికొన్ని కాగితాలు

కార్మిక లైసెన్సు: ఇది పని విలువను బట్టి కాక కూలీల సంఖ్యను బట్టి వస్తుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల కేంద్ర చట్టం 20 మంది లేక అంతకు మించి కూలీలను పెట్టుకొనే కాంట్రాక్టరును లైసెన్సు అడిగేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో ఈ సంఖ్య 50. మన చిన్న భవనాలకు ఇది సాధారణంగా వర్తించదు. కాని కొందరు ఈ లైసెన్సునే తరగతి సర్టిఫికెట్టుగా చూపుతారు. రెండూ వేరు.

జి.ఎస్.టి. నంబరు: ఇది పన్ను రిజిస్ట్రేషను మాత్రమే, నైపుణ్యానికి గుర్తు కాదు. సేవలలో ఏటా 20 లక్షల టర్నోవరు దాటినవారు తీసుకొనవలెను. భవన నిర్మాణపు కాంట్రాక్టుపై 18 శాతం పన్ను పడుతుంది. 12 లక్షల పనిపై అది 2,16,000 రూపాయలు. కొటేషనులో "పన్నుతో కలిపి" అని గాని "పన్ను అదనం" అని గాని వ్రాయించకపోతే తక్కువ ధర అనుకొన్నదే ఎక్కువ ధర కావచ్చును.

పాన్ నంబరు: సహకార సంఘం కాంట్రాక్టరుకు ఒకేసారి 30,000 రూపాయలకు మించి గాని, సంవత్సరంలో మొత్తం 1,00,000కు మించి గాని చెల్లిస్తే ఆదాయపు పన్ను తగ్గించి కట్టాలి. వ్యక్తికైతే 1 శాతం, కంపెనీ లేక భాగస్వామ్య సంస్థకైతే 2 శాతం. ఇది మరచిన సంఘంపై ఆ భారం పడుతుంది.

సర్టిఫికెట్టు చదివే పద్ధతి

నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి.

ఒకటి, పేరు. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో సర్టిఫికెట్టు ఒకరి పేరున, పని చేసినది ఇంకొకరు, చెక్కు తీసుకొన్నది మూడవవారు. స్లాబు కారినప్పుడు ముగ్గురూ "నాకు సంబంధం లేదు" అన్నారు. సర్టిఫికెట్టు, ఒప్పందం, పాన్, బ్యాంకు ఖాతా ఈ నాలుగింటిలో పేరు ఒకటే ఉండాలి.

రెండు, తేదీ. గడువు దాటిన కాగితం చెల్లదు. బయ్యారం మండలం 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, ఆనాడు మహబూబాబాద్ జిల్లాలో చేరింది. నాటి ఖమ్మం కార్యాలయపు ముద్ర గల పాత కాగితం ఎవరైనా చూపితే, ఆ తరువాత రెన్యువలు జరిగినదా అని అడగండి.

మూడు, తరగతి, దాని విలువ పరిమితి. నాలుగు, పని రకం. రోడ్లు, కాలువలు చేసి పై తరగతికి ఎక్కినవారు ఉంటారు. పాల కేంద్రం అవసరాలు వేరు. 2,000 లీటర్ల పాలు సుమారు 2,060 కిలోలు తూగుతవి, కూలరు బరువు దీనికి అదనం. నేల ఆ బరువు మోయాలి. కడిగిన నీరు నిలవకుండా కాలువ వైపు వాలు ఉండాలి. అటువంటి భవనం ఎక్కడ కట్టారో అడిగి, పాలకవర్గ సభ్యులు ఇద్దరు వెళ్లి కంటితో చూసి రావాలి. వర్షం కురిసిన మరునాడు వెళితే మరీ మంచిది.

చేతిలో పని ఎంత ఉన్నది?

ప్రభుత్వ టెండర్లలో కాంట్రాక్టరు సత్తాను కొలిచే సూత్రం ఒకటి ఉన్నది. గత ఐదేళ్లలో ఏదైనా ఒక్క సంవత్సరంలో చేసిన అత్యధిక పని విలువను రెట్టింపు చేసి, కొత్త పని గడువును సంవత్సరాలలో తీసుకొని గుణించి, చేతిలో మిగిలి ఉన్న పనుల విలువ తీసివేస్తారు. ఎన్ని రెట్లు అన్నది టెండరు షరతును బట్టి మారవచ్చును గాని పద్ధతి ఇదే. మనమూ వాడుకొనవచ్చును.

ఉదాహరణకు, ఒకరు ఒక్క ఏడాదిలో అత్యధికంగా 40 లక్షల పని చేశారు. మన గడువు 6 నెలలు, అనగా అర సంవత్సరం. చేతిలో 30 లక్షల పనులున్నవి. 40ని రెట్టింపు చేస్తే 80, అందులో సగం 40, అందులో 30 పోతే మిగిలేది 10 లక్షలు. మన పని 12 లక్షలు. కాబట్టి ఆయన ఎంత మంచివాడైనా, ఏ తరగతివాడైనా, ఇప్పుడు మన పనికి చాలడు. పునాది తీసి మూడు నెలలు కనిపించకుండా పోయేది ఇటువంటివారే.

ఒప్పందంలో ఉండవలసినవి

ఇంజనీరు వేసిన అంచనా, నక్షా, పని గడువు, సిమెంటు ఇనుముల నాణ్యత, కూలీల బీమా ఎవరి బాధ్యత అన్నవి వ్రాతలో ఉండాలి. రొక్కంగా ముందు డబ్బు ఇవ్వవద్దు. చెల్లింపు పని దశలను బట్టి చెక్కు ద్వారానే జరగాలి. ఒక మాదిరి ఇది:

ప్లింత్ మట్టం వరకు 20 శాతం, లింటెలు మట్టం వరకు 20 శాతం, స్లాబు పడ్డ తరువాత 25 శాతం, ప్లాస్టరింగు, గచ్చు అయిన తరువాత 20 శాతం, పూర్తి చేసి అప్పగించినప్పుడు 10 శాతం. మిగిలిన 5 శాతం రెండు వానాకాలాలు గడిచిన తరువాత. 12 లక్షలలో అది 60,000 రూపాయలు. కారిన చోటును బాగు చేయించే బలం సంఘానికి ఆ 60,000 వల్లనే ఉంటుంది.

ప్రతి దశలోను ఇంజనీరు కొలతలు తీసి పుస్తకంలో వ్రాయాలి, ఆ తరువాతనే చెక్కు. బయ్యారం పెద్దచెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిందని ఈనాడు మనము చెప్పగలుగుతున్నామంటే అక్కడ వేయించిన శాసనం వల్లనే. సంఘానికి మినిట్స్ పుస్తకం, కొలతల పుస్తకమే శాసనాలు. నోటిమాట మీద జరిగిన పనికి సాక్ష్యం ఉండదు.

పాలకవర్గం బాధ్యత

1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘాలలో, నిధులు దుర్వినియోగమైనట్లు గాని, నిర్లక్ష్యం వల్ల నష్టం కలిగినట్లు గాని ఆడిట్‌లో, విచారణలో లేక తనిఖీలో తేలితే, 60వ సెక్షను ప్రకారం బాధ్యులైనవారి నుంచి సొంతంగా వసూలు చేయవచ్చును. దీనినే సర్‌చార్జి అంటాము. "కాంట్రాక్టరు మోసం చేసిండు" అన్నది అక్కడ చాలిన జవాబు కాదు. "మేము ఇవి ఇవి చూసినాము, ఇదిగో రికార్డు" అన్నదే జవాబు. 1995 నాటి పరస్పర సహాయక సంఘాల చట్టం కిందివారు తమ బైలాలు చూసుకొనవలెను. ఎవరైనా సరే, మూడు కొటేషన్లు, వాటి పోలిక పట్టిక, ఎంపికకు కారణం తీర్మానంలో వ్రాయాలి. తక్కువ ధరను కాదని మరొకరికి ఇస్తే ఆ కారణం మరింత స్పష్టంగా వ్రాయాలి. సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. పాలు పోసేవారికి ఆ లెక్క వినే హక్కు ఉన్నది.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన భవనం సొమ్ము పూర్తిగా సంఘానిదా, గ్రాంటు కలిసినదా? మంజూరు ఉత్తర్వు ఎవరు చదివారు?

2. ఒక కాంట్రాక్టరు గత ఏళ్లలో అత్యధికంగా ఏడాదికి 30 లక్షల పని చేశాడు, చేతిలో 10 లక్షల పని ఉన్నది, మన గడువు 6 నెలలు. 12 లక్షల పనికి ఆయన చాలునా? పై సూత్రంతో లెక్క కట్టండి.

3. మన కేంద్రంలో ఇప్పుడున్న వైరింగు ఎవరు చేశారు? వారి లైసెన్సు కాపీ ఫైలులో ఉన్నదా?

మూడవ ప్రశ్నకు కొత్త భవనం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. రేపు పాలు పట్టిన తరువాత కార్యదర్శిని ఫైలు తీయమనండి.