ఉండలు రబ్బరెందుకయినయంటే

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూసిన. కోడి మంచిగనే ఉడికినట్టుంది, పులుసు రంగు కూడ బాగుంది. ఉండలే ఆగమైనయి. గోడకు కొడితే తిరిగొచ్చేటట్టున్నయని రాసినవు. అక్కడ అమెరికాల నీ దోస్తు వాళ్లింట్ల తిన్న చికెన్ అండ్ డంప్లింగ్స్‌ల అవే ఉండలు దూది లెక్కనున్నయి, నా చేతిల ఎట్ల చెడినయని అడిగినవు. జవాబు నువ్వు రాసినదాంట్లనే ఉంది. పిండి, వెన్న, పాలు అన్నీ ఒక్కపారే పోసి ఫుడ్ ప్రాసెసర్ రెండు నిమిషాలు తిప్పిన అన్నవు. ఆ రెండు నిమిషాలే కొంప ముంచినయి.

గోధుమల గ్లయాడిన్, గ్లుటెనిన్ అని రెండు తీర్ల ప్రొటీన్లుంటయి. నీళ్లు తగిలి, పిసుకుడు పడంగనే అవి ఒకదాన్నొకటి అల్లుకొని సాగే జిగురయితయి. గ్లూటెన్ అనేది దాన్నే. చపాతికి ఆ జిగురు కావాలె, లేకుంటే వత్తేటప్పుడు పిగిలిపోతది. పులుసుల వేసే మెత్తటి ఉండకు అదే శత్రువు. చెయ్యి పది నిమిషాలు పిసికితే పుట్టే జిగురు ఆ బ్లేడు కింద నిమిషం లోపలనే పుడుతది. చేతికైతే నొప్పి పుట్టి ఆగుతది. మిషన్‌కు నొప్పి లేదు కద, నువ్వు ఆపితేనే ఆగుతది. అందుకే దాని మీద పల్స్ అని ఇంకో బటన్ పెట్టిన్రు. వేలు పెడితే తిరుగుతది, తీస్తే ఆగుతది. ఈ వంటకు నీకు ఆ ఒక్క బటన్ చాలు.

ఇంకోటి. నువ్వు దాన్ని మిక్సీ అనుకుంటున్నవు. రెండూ ఒక ఇంట పుట్టినయి కావు. మన మిక్సీ పచ్చడికి, పప్పుకు పుట్టింది. 1963ల సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు సుమీత్ మిక్సీ తయారుచేసిండు. వాళ్లింట్ల ఉన్న విదేశీ మిక్సీ మన రుబ్బుడుకు తట్టుకోక కాలిపోయిందట, భార్య కోసమని ఆయన ఆ పని పట్టుకున్నడు. నానిన మినుపపప్పు, కొబ్బరి, ఎండుమిర్చి మెత్తగ చేసేటందుకు ఇరుకు జారు, అడుగున చిన్న బ్లేడు, గట్టి మోటారు. నీ ఫుడ్ ప్రాసెసర్ కథ వేరే. ఫ్రాన్సుల హోటళ్ల వంటిండ్ల కోసం రోబో కూప్ వాళ్లు చేసిన మిషన్‌ను కార్ల్ సోంథైమర్ అనే అమెరికా ఇంజినీరు 1971ల పారిస్ ప్రదర్శనల చూసిండు. దాన్ని ఇంటి వంటకు తగ్గట్టు మార్చి 1973ల షికాగోల క్విజినార్ట్ పేరుతోని చూపించిండు. దాని గిన్నె వెడల్పు, బ్లేడు పెద్దది. నీళ్లు లేకుండనే తరుగుతది, కలుపుతది. మెత్తగ నూరుడు మాత్రం దానికి రాదు. రెండు చెంచాల గసగసాలు వేసి చూడు, అన్నీ గోడకంటుకొని కూసుంటయి, బ్లేడు నడుమ ఉత్తగనే తిరుగుతది.

మన దగ్గర మిక్సీతోని పాటు ఫుడ్ ప్రాసెసర్ జారు కొన్నోళ్లు చానమంది చపాతి పిండికే వాడుతరు. తురుము బిళ్లలు, చక్రాలు కోసే బిళ్లలు అట్టడబ్బలనే అటక మీద ఉంటయి. మా ఇంట్లవి గూడ అక్కడనే ఉన్నయి, ఎవ్వరికీ చెప్పకు.

ఇప్పుడు మళ్ల చెయ్యి. ముందు బ్లేడు కూసోబెట్టు, తర్వాతనే పిండి. మైదా రెండు కప్పులు, అంటే పావుకిలో. నువ్వు గోధుమపిండితోని చేస్తనంటవేమో, మన ఆటా చాన నీళ్లు తాగుతది, ఉండ బరువైతది, ఈసారికి వద్దు. బేకింగ్ పౌడర్ ఒక పెద్ద చెంచా, ఉప్పు ముప్పావు చిన్న చెంచా. మూత పెట్టి రెండుసార్లు నొక్కితే కలిసిపోతది. వెన్న 60 గ్రాములు, ఫ్రిజ్‌లకెళ్లి అప్పుడే తీసింది, చిన్న ముక్కలు కోసి వెయ్యి. మెత్తవడ్డ వెన్న పిండిల కరిగి ముద్దయితది, సల్లటిదైతే ముక్కలు ముక్కలుగ నిలుస్తది. తర్వాత అవి వేడికి కరిగి ఉండల ఖాళీలు చేస్తయి. ఎనిమిది పదిసార్లు నొక్కు. ఉప్మా రవ్వ లెక్క కావాలె, అక్కడక్కడ శనగపప్పు గింజంత వెన్న కనపడాలె. సల్లటి పాలు 180 మిల్లీలీటర్లు పోసి నాలుగంటే నాలుగుసార్లు నొక్కు. మూత తీస్తే ముద్ద కాలేదనిపిస్తది, అంచులకు పొడిపిండి కనపడ్తది. నీ చెయ్యి మళ్ల బటన్ మీదికి పోతది, నాకెరుకే. పోనియ్యకు. గిన్నెలకు తీసి చెంచతోని రెండుసార్లు తిప్పితే అయిపాయె.

అమెరికా దక్షిణాది రాష్ట్రాలల్ల ఈ వంట రెండు తీర్లు చేస్తరు. కొందరు ఇట్ల చెంచతోని జారవిడుస్తరు, కొందరు బేకింగ్ పౌడర్ లేకుండ పిండి వత్తి, పట్టీలు కోసి రసంల వేస్తరు. పట్టీలకైతే జర జిగురున్నా నడుస్తది. నువ్వు తిన్నవి దూది లెక్కనున్నయంటే జారవిడిచినవే.

పులుసు ఎక్కువ చెప్పేది లేదు, మీ అమ్మ చేసేదే. అక్కడ దొరికేది బాయిలర్ కోడి, అరగంటల ఉడుకుతది. నాటుకోడి లెక్క కుక్కర్ల ఏడు కూతలు పెట్టించినవనుకో, పీచు పీచయితది. బొక్కతోని ఉన్న కోడి కిలోంబావు తీసుకో. మూడు ఉల్లిగడ్డలు నాలుగు తుకడలు చేసి ప్రాసెసర్ల ఏడుసార్లు నొక్కితే సన్నగ తరుగుతది. ఎక్కువ తిప్పితే నీళ్లు ఊరి ఎంతసేపైనా వేగదు, చేదొస్తది. నూనెల ఉల్లిగడ్డ ఎర్రగ కానిచ్చి, అల్లంవెల్లిగడ్డ, పసుపు, కోడి, కారం, ధనియాలపొడి, ఉప్పు వేసి మగ్గినంక లీటరు వేడినీళ్లు పొయ్యి. వేయించిన కుడుక, గసగసాలు మాత్రం మిక్సీల నూరి కలపాలె, మిక్సీ సంగతి చివర్ల చెప్త.

కారం సంగతి. పార్సెల్‌ల అరకిలో చపాట కారంపొడి పెట్టిన. మన వరంగల్ చపాట మిర్చి, చూస్తే టమాట లెక్క గుండ్రంగ ఉంటది, అందుకే టమాట మిర్చి అని గూడ అంటరు. రంగు చాన, మంట తక్కువ. 2025ల దానికి భౌగోళిక గుర్తింపొచ్చింది. ఏనుమాముల మార్కెట్ల నేనే కాయలు ఏరి తెచ్చి పట్టించిన. ఇది నాలుగు చెంచాలు వేసినా నీ రూమ్ పిల్లలు ఏడువరు, రంగు మాత్రం మేడారం జాతరల చెట్ల కింద వండిన కోడికూర రంగొస్తది.

పులుసు రోజూ చేసేదాని కంటె పల్చగ ఉంచు, ఉండలు తాగుతయి. మంట తగ్గించి సన్నగ మరిగేటప్పుడు చెంచాడు చెంచాడు పిండి పైన జారవిడువు, నడుమ జాగ వదులు, రెట్టింపుకు ఉబ్బుతయి. కుతకుత మరిగితే పగిలి గంజయితది. మూత పెట్టి పదిహేను నిమిషాలు ముట్టుకోవద్దు. పైభాగం ఉడికేది ఆవిరితోని, మూత తీసినవంటె అది పోతది.

ఇది వాళ్ల తీరు. మనదంటూ ఒక తీరు లేదా అని నువ్వడుగుతవు, అడగక ముందే నేను చేసి చూసిన. పిండిని మరిగేదాంట్ల ఉడికించుడు మనకు కొత్త కాదు, వినాయకచవితికి పాలతాలికలు చేసుకుంటలేమా? అది నైవేద్యం, కోడి పక్కకు పోదు. కోడికి దసరాకు గారెలు, లేకుంటే పొద్దుగాల మిగిలిన సర్వపిండి ముంచుకొని తినుడు. నడుమ ఈ జాగ ఖాళీగనే ఉండిపోయింది. కేరళల సిరియన్ క్రైస్తవుల ఇండ్లల్ల పిడి అని బియ్యప్పిండి చిన్న ఉండలు కొబ్బరిపాలల్ల ఉడికించి కోడికూరతోని తింటరు. కొడగుల కడంబుట్టు అని బియ్యపురవ్వ ఉండలు ఆవిరి మీద ఉడికించి పందికూరతోని తింటరు. వాళ్లు చేసుకోంగ మనకేం అడ్డం?

బియ్యంల గ్లూటెన్ లేదు, అందుకే దాని లెక్క తిరుగబడ్తది. సల్లనీళ్లతోని ఎంత పిసికినా అతుకదు, మరిగే నీళ్లే పడాలె. వేడికి పిండి గింజ ఉబ్బి జిగటైతది, అదే ఉండను పట్టి ఉంచుతది. రెండు కప్పుల నీళ్లు మరిగించి ఉప్పు, జీలకర్ర, చెంచాడు నూనె వేసి, రెండు కప్పుల బియ్యప్పిండి పోసి కలిపి, పొయ్యి బందుచేసి పది నిమిషాలు మూతపెట్టు. మేము చేతులు కాల్చుకుంట పిసికినోళ్లం. నీకైతే మిషన్ ఉంది. ఇక్కడ అది నిజంగ పనికొస్తది. గోరువెచ్చగున్నప్పుడే వేసి పదిహేను ఇరవై సెకండ్లు తిప్పు, ముద్ద బ్లేడు చుట్టు గుమిగూడుతది. ఇంక తిప్పితే బంక. నానబెట్టిన శనగపప్పు చేతితోనే కలుపు, మిషన్ల వేస్తే నలిగిపోతది. గోలీలంత ఉండలు చేసి బొటనవేలితోని నడుమ గుంట వొత్తు. లోపలిదాక ఉడుకుతది, ఆ గుంటల పులుసు నిలుస్తది. మరిగే పులుసుల వేస్తే పది నిమిషాలకు పైకి తేలుతయి. మీ పెద్దనాయన మొదటిరోజు ముట్టలేదు. రెండోరోజు గిన్నె అడుగు నాకు మిగల్చలేదు.

ఇక్కడికెళ్లి మిక్సీ పంపుమన్నవు. మనది 230 వోల్టులది, మీ దగ్గర 120. పెడితే మూలుగుడే, జోరుగ తిరుగది. అక్కడి వోల్టేజికి చేసిన మన మిక్సీలు అమ్ముతరు, చిన్న జారున్నది ఒకటి కొనుక్కో, కుడుకకు, గసగసాలకు సాలు.

ప్రాసెసర్ బ్లేడును సబ్బునీళ్ల గిన్నెల వదిలెయ్యకు. నురగ కింద కనపడదు, వేలు తెగుతది. వాడంగనే కడిగి ఆరబెట్టు.

ఆదివారం చెయ్యి. ఈసారి గిన్నె ఫోటో వద్దు. ఒక ఉండను నడిమికి విరిచి, లోపల కనపడేటట్టు తీసి పంపు. నడుమ తడిగుంటే మూత ఎన్నిసార్లు తీసినవో గూడ రాయి, అబద్ధం చెప్పకు.

నీ
పెద్దమ్మ