బాలనటులును వారి అభిమానులును

నాటకశాలలో ఒక బాలుడు చక్కగా పాడి ఆడినచో, అదే పని చేసిన పెద్దవానికంటె ఎక్కువ మెప్పు గాంచుట లోకమున సాధారణము. మన పద్యనాటకములలో ‘వన్సుమోరు’ అను కేకలను వినని విద్యార్థి అరుదు. మంచిని చూచి సంతోషించుట మంచి గుణమే గనుక ఆ కేకలు వేసినవానిని మేము తప్పుపట్టము. అయినను పిల్లవానిని మెచ్చుకొనుటకును పెద్దవానిని మెచ్చుకొనుటకును ఒక భేదము కలదు. పెద్దవాడు వచ్చు సంవత్సరమునను అదే వేషమును అదే కంఠముతో వేయగలడు. పిల్లవాడు అట్లు వేయలేడు; ఎదుగుచున్న కొలది అతని రూపమును గొంతును మాఱిపోవును. ఈ భేదమును గుర్తింపని అభిమానము ఆ పిల్లవానికే భారమగును. గుర్తించిన అభిమానమో, ఇరువురకును మేలుచేయును.

ఈ సంగతి స్పష్టమగుటకై ఇంగ్లండు దేశమున పుట్టి పెక్కు దేశములలో ప్రదర్శింపబడిన ‘బిల్లీ ఎలియట్’ అను సంగీతనాటకమును ఉదాహరణముగా గైకొందుము. అందు ప్రధానపాత్ర పదునొకండేండ్ల బాలునిది. ఆ పాత్ర ధరించిన బాలురను మెచ్చి, ఆ నాటకమును మరల మరల చూచిన అభిమానులు అనేకులు.

1. నాటకము పుట్టిన విధము

ఈ కథ మొదట 2000 సంవత్సరమున చలనచిత్రముగా వెలువడెను. దానిని రచించినవాడు లీ హాల్. దర్శకుడు స్టీఫెన్ డాల్డ్రీ. బిల్లీగా నటించిన బాలుడు జేమీ బెల్. ఆ యేడు ఫ్రాన్సు దేశమందలి కాన్ పట్టణపు చిత్రోత్సవములో దానిని చూచినవారిలో ఎల్టన్ జాన్ అను ప్రసిద్ధ గాయకుడు ఒకడు. ఆయన ఆ చిత్రమును చూచి కన్నీరు కార్చెను. ఈ కథను రంగస్థలమునకు తేవలెనని తలంచి, తానే సంగీతమును సమకూర్చెను. లీ హాల్ సంభాషణలను పాటలను వ్రాసెను. డాల్డ్రీయే దర్శకత్వము వహించెను. పీటర్ డార్లింగ్ నృత్యములను కూర్చెను.

నాటకము 2005 మే నెలలో లండను నగరమందలి విక్టోరియా ప్యాలెస్ నాటకశాలలో ఆరంభమై 2016 ఏప్రిలు వరకు సాగెను. న్యూయార్కు నగరమున ఇంపీరియల్ నాటకశాలలో 2008 నవంబరు మొదలు 2012 జనవరి వరకు 1,312 మార్లు ప్రదర్శింపబడెను. దీనికంతటికిని మూలము ఒక ప్రేక్షకుని మనస్సు కరగుటయే యని విద్యార్థులు గమనింపవలెను. ఆయన కన్నీటితో ఆగిపోలేదు. తనకు వచ్చిన విద్యను ఆ కథకు అప్పగించెను.

2. కథాసంగ్రహము

1984 మార్చి మొదలు 1985 మార్చి వరకు ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు ప్రాంతములలో బొగ్గుగనుల పనివారు గొప్ప సమ్మె చేసిరి. గనులు మూయబడునను భయమే ఆ సమ్మెకు ముఖ్యకారణము. కథ జరుగునది ఇంగ్లండు ఉత్తరభాగమున డరహాము ప్రాంతమందలి ఒక గనిపల్లెలో. బిల్లీ తల్లిలేని బాలుడు. తండ్రియు అన్నయు సమ్మెలో నున్నారు. తండ్రి వానిని ముష్టియుద్ధము నేర్చుకొనుటకై పంపును. ఆ శాలలోనే విల్కిన్సన్ అమ్మగారు బాలికలకు ‘బ్యాలే’ నృత్యము నేర్పుచుండును. బిల్లీ ముష్టియుద్ధము విడిచి నృత్యములో చేరును. మగపిల్లవానికి ఈ ఆటయేమని తండ్రి ఆగ్రహించి మానిపించును.

పిదప బిడ్డ నృత్యమును కన్నులార చూచిన తండ్రి మనస్సు మాఱును. లండనులోని రాజకీయ బ్యాలే పాఠశాలకు వానిని పంపుటకు ధనము లేదు. కొడుకుకొఱకై ఆ తండ్రి సమ్మెను విడిచి గనిలోనికి దిగుటకు సిద్ధమగును, పెద్దకుమారుడు అడ్డుపడును. ఇంటిలో జరుగు ఈ ఘర్షణయే నాటకమునకు గుండెకాయ. తుదకు పనివారు తమకు తినుటకే చాలని దినములలో తలకొంత వేసికొని బాలుని ప్రయాణమునకు సాయపడుదురు. బిల్లీ పాఠశాలలో చేర్చుకొనబడును. సమ్మె మాత్రము ఓడిపోవును. ఊరు ఒక బిడ్డను పైకి పంపి, తాను చీకటి గనిలోనికి మరల దిగును. ఇట్టి కథలో బాలుని పాత్ర కేవలము ముద్దులాడుటకు ఏర్పడినది కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

3. పాత్రకు వలయు సాధన

నాటకము సుమారు మూడు గంటలు నడచును. ఆ కాలములో అధికభాగము బిల్లీ రంగస్థలముమీదనే యుండును. అతడు పాడవలెను, సంభాషణలను డరహాము ప్రాంతపు యాసలో పలుకవలెను, బ్యాలే నృత్యము చేయవలెను, జోళ్ల అడుగున లోహపురేకులు బిగించి తాళమునకు సరిగా నేలను మ్రోయించు ‘టాప్’ నృత్యమును చేయవలెను, పల్టీలు కొట్టవలెను. ఒక ఘట్టమున పెద్దవాడైన బిల్లీతో కలసి నృత్యము చేయుచు, తీగ ఆధారమున గాలిలోనికి లేచి తేలవలెను. ఇన్నియు వచ్చిన బాలుడు ఎక్కడను సిద్ధముగా దొరకడు. ఒక విద్యలో ఆరితేఱిన బాలుని ఎన్నుకొని, రానివానిని నేర్పి, తగినవానిగా చేయవలసియుండెను. న్యూయార్కు ప్రదర్శనములలోని తొలి బిల్లీలలో ట్రెంట్ కోవాలిక్ అను బాలుడు ఐరిష్ నృత్యమున పేరుగాంచినవాడు. డేవిడ్ అల్వారెజ్ బ్యాలేయందు శిక్షణ పొందినవాడు. కిరిల్ కులిష్ జంటనృత్యములందును బ్యాలేయందును నేర్పు గలవాడు.

ఈ మువ్వురకు ఒకే అచ్చును పోయక, నృత్యకర్త వివేకముగా నడచుకొనెను. నాట్యము చేయునప్పుడు నీకేమి తోచునని పాఠశాలవారు అడుగగా బిల్లీ పాటయు నాట్యముగను ఉత్తరమిచ్చు ఘట్టమొకటి కలదు. ఆ నృత్యమును ఒక్కొక్క బాలుని నేర్పునకు తగినట్లు వేర్వేఱుగ మార్చి కూర్చిరి. ఉపాధ్యాయులమైన మాకు ఇది గొప్ప పాఠముగా కనబడుచున్నది. గమ్యము ఒక్కటియైనను, నడచు కాళ్లు వేఱైనప్పుడు నడక వేఱుగానుండుట న్యాయము.

4. ఒక పాత్ర, పలువురు బాలురు

వారమునకు ఎనిమిది ప్రదర్శనములు జరుగు నాటకశాలలో ఇంతటి శ్రమను ఒక్క బాలుడు భరింపజాలడు. అందుచేత బిల్లీ పాత్రను పలువురు బాలురు వంతులవారీగా ధరించిరి. లండనులో తొలుత ధరించినవారు జేమ్సు లోమాస్, జార్జి మగ్వైర్, లియమ్ మోవర్ అనువారు.

ఇంగ్లండులో బాలనటులను కాపాడుటకు చట్టమే కలదు. 1963 సంవత్సరపు బాలల చట్టము ననుసరించి ఇట్టి ప్రదర్శనములకు స్థానికాధికారుల అనుమతిపత్రము వలయును. బాలుని కనిపెట్టియుండుటకు ఒప్పుదల పొందిన సంరక్షకులుందురు. చదువు చెడకుండ ఏర్పాటు చేయవలయును. ప్రేక్షకుడు చూచునది వెలుగులోనున్న మూడు గంటలే. తెర వెనుక ఆ బిడ్డకు నిద్రయు చదువును విశ్రాంతియు కావలెనని చట్టము జ్ఞాపకము చేయుచున్నది.

వంతులవారీ ఏర్పాటువలన అభిమానులకు ఒక పరీక్ష కలిగెను. ఒకడు ‘నేను చూచిన బిల్లీయే బిల్లీ’ యనును; మఱియొకడు తాను చూచినవానినే పొగడును. ఒకనిని మెచ్చుటకై వేఱొకనిని తక్కువచేయుట అభిమానులకు తఱచుగా కలుగు దుర్గుణము. బహుమానములను ఇచ్చువారికిని ఈ చిక్కే వచ్చెను. వారు దానిని చక్కగా విడదీసిరి. 2006 సంవత్సరమున లండనులో ఒలివియర్ బహుమానములను ఇచ్చునప్పుడు సంగీతనాటకమున ఉత్తమనటుని బహుమానమును ముగ్గురు బాలురకును కలిపి యిచ్చిరి. 2009 సంవత్సరమున న్యూయార్కులో ఈ నాటకమునకు పది టోనీ బహుమానములు లభింపగా, అందు ఉత్తమనటుని బహుమానము అల్వారెజ్, కోవాలిక్, కులిష్ అను మువ్వురకును ఉమ్మడిగా నొసగబడెను. ఇట్లే 2012 సంవత్సరమున ‘మెటిల్డా’ అను సంగీతనాటకమున ప్రధానపాత్ర ధరించిన నలుగురు బాలికలకు ఒలివియర్ బహుమానము కలిపి యీయబడెను. తోడివాడు బాగుగా చేసినంతమాత్రాన తన కీర్తి తగ్గదని ఆ పిల్లలు నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి ఉపాయము మాకు తోచదు.

5. గొంతు మారుట

బిల్లీ పాత్రకు పొట్టి శరీరమును, ఇంకను మాఱని లేతగొంతును కావలెను. పండ్రెండు, పదునాలుగేండ్ల నడుమ అనేక బాలురలో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవును దళసరియు నగును. అందుచే గొంతు ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగును. ఆ నడిమికాలమున పై స్వరములు పట్టుబడక గొంతు జీరవోవును. కాళ్లుచేతులు త్వరగా పొడవగుటచేత నిన్న సులభముగా చేసిన గంతు నేడు తప్పును. ఇది లోపము కాదు, రోగము కాదు, ఎదుగుట. అయినను ఆ దినమున పాత్రను విడువవలసినదే.

అభిమానికి అసలైన పరీక్ష ఇక్కడ. ‘ఆ పసివాడు ఎట్లు పాడెడివాడు, ఇప్పుడేమున్నది’ అని నిట్టూర్చువాడు తెలియకయే ఆ బాలునితో ఎదుగుట తప్పని చెప్పుచున్నాడు. పదుమూడేండ్లకే తన మంచికాలము గడచిపోయినదని ఒక బాలుడు నమ్మినచో, ఆ నష్టమును ఏ బహుమానము తీర్చగలదు?

పాత్రను విడిచిన పిదప ఈ బాలురు ఏమైరో చూతము. లియమ్ మోవర్ నృత్యమునే వృత్తిగా గైకొని మాథ్యూ బోర్న్ నృత్యసంస్థలో పేరు తెచ్చుకొనెను. టామ్ హాలండ్ 2008లో మొదట బిల్లీ స్నేహితుని పాత్రను, తరువాత బిల్లీ పాత్రను ధరించి, పెద్దవాడై చలనచిత్రములలో లోకప్రసిద్ధుడయ్యెను. డేవిడ్ అల్వారెజ్ రంగస్థలమును విడిచి అమెరికా సైన్యములో పనిచేసి, మరల నటనకు వచ్చి 2021లో వెలువడిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ చిత్రములో పెద్దపాత్ర ధరించెను. ఒక్కొక్కని మార్గము ఒక్కొక్కటి. అందఱును ప్రసిద్ధులు కానక్కఱలేదు. బాల్యమున ఒక కష్టమైన పనిని చక్కగా చేసితిమను తృప్తి ఎవరికిని తఱుగదు.

2014 సెప్టెంబరు 28వ తేదీన లండను ప్రదర్శనమును నేరుగా చిత్రశాలలకు ప్రసారము చేసిరి. ఆనాటి బిల్లీ పదునొకండేండ్ల ఎలియట్ హన్నా. పెద్దవాడైన బిల్లీగా వానితో నృత్యము చేసినవాడు, తొమ్మిదేండ్లకు పూర్వము తానే బిల్లీగానున్న లియమ్ మోవర్. ముగింపున ఇరువదిమందికి పైగా నూతన, పూర్వ బిల్లీలు ఒక్కటిగా రంగస్థలమెక్కిరి. వారిలో కొందఱు అప్పటికే పొడగరులైన యువకులు. తాము పిల్లలుగా చూచినవారిని పెద్దవారిగా చూచి ఆనాటి ప్రేక్షకులు కరతాళధ్వనులు చేసిరి. మేము కోరు అభిమానమట్టిది.

6. అభిమాని పాటింపవలసినవి

పై సంగతులనుండి మన విద్యార్థులు కొన్ని నియమములను గ్రహింపవచ్చును.

మొదటిది: ముఖమును గాక పనిని మెచ్చవలెను. ‘ఎంత ముద్దుగానున్నాడు’ అను మాట బాలునికి ఏమియు నేర్పదు. ‘ఆ పల్టీ తరువాత తాళము తప్పకుండ నిలిచితివి’ అను మాట అతని కష్టమును గుర్తించును.

రెండవది: ఒకనిని పొగడుటకు వేఱొకనిని మెట్టుగా చేసికొనరాదు.

మూడవది: నాటకమైన పిదప బాలుని విశ్రాంతికి అడ్డుపడరాదు. నాటకశాల వెనుకద్వారమున గుమిగూడి సంతకములకై నిలుచు ఆచారము ఆ దేశములందు కలదు. ఒక మంచిమాట చెప్పి తొలగుట మర్యాద. వెంబడించుటయు, ఇల్లు వాకిలి విచారించుటయు మర్యాద కాదు.

నాలుగవది: అతడు ఎదిగినప్పుడు సంతోషింపవలెను. పాత్ర వేఱొకనికి పోయినప్పుడు క్రొత్తవానికిని అంతే శ్రద్ధతో చెవియొగ్గవలెను.

అయిదవది: మెచ్చినదానినుండి మనమేమైన చేయ మొదలిడవలెను. పాటను మెచ్చినవాడు ఒక రాగమునైనను నేర్చుకొనవచ్చును; నాటకమును మెచ్చినవాడు తెర లాగుటకైనను ముందుకు రావచ్చును.

ఈ నియమములు దూరదేశపు నాటకశాలలకే పరిమితములు కావు. పాఠశాల వార్షికోత్సవమున క్రిందితరగతి బాలుడెవడైన పాడినప్పుడు, పై తరగతులవారు కొన్నినాళ్లు వానిని భుజములమీద మోయుదురు. మఱుసటి యేడు వాని గొంతు జీరవోయినప్పుడు నవ్వువారును వారే. ఆ నవ్వు విని పాటయే మానుకొను పిల్లలు కలరు. గొంతు నిలుకడ చెందువఱకు ఓపిక పట్టుమని వానితో చెప్పువాడొకడున్న చాలును, ఆ పిల్లవాడు మరల పాడును. విద్యార్థులారా, ఈ సంవత్సరము చప్పట్లు కొట్టిన చేతులతోనే, వచ్చు సంవత్సరము వాని భుజము తట్టుడు.