ఇద్దరు గురువులు, ఒకే మాట

ఆలుమగలు కలిసి ఒకే పని చేస్తే ఇల్లూ చెడుతుంది, పనీ చెడుతుంది అని భయపెట్టేవాళ్లు మన చుట్టూ చాలామంది ఉంటారు. వాళ్లకు చెప్పదగిన జవాబు జిమ్నాస్టిక్స్‌లో దొరుకుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచిన సిమోన్ బైల్స్‌కు శిక్షణ ఇచ్చింది భార్యాభర్తలే. వాళ్లు సెసిల్ లాండి, లారెంట్ లాండి.

ఇద్దరూ ఫ్రాన్స్‌లో జిమ్నాస్ట్‌లుగా ఎదిగారు. సెసిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తరఫున పోటీపడ్డారు. తర్వాత ఇద్దరూ అమెరికాలో కోచ్‌లుగా స్థిరపడ్డారు. వాళ్ల శిష్యురాలు మాడిసన్ కోసియన్ 2016 రియోలో జట్టుతో స్వర్ణం, అన్‌ఈవెన్ బార్స్‌లో రజతం గెలిచింది. 2017లో వాళ్లు బైల్స్‌కు కోచ్‌లయ్యారు. అప్పటికే ఒలింపిక్ చాంపియన్ అయిన అమ్మాయిని మరింత ఎత్తుకు తీసుకెళ్లడం చిన్న విషయం కాదు.

మీరు దంపతులుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నారా? ట్యూషన్లు చెబుతున్నారా? క్లినిక్ పెట్టారా? ఏ వ్యాపారమూ లేకపోయినా పిల్లల్ని కలిసే పెంచుతున్నారు కదా! అయితే వీళ్ల పనితీరు మీకు పనికొస్తుంది.

ఎవరి పని వారిదే

మహిళల జిమ్నాస్టిక్స్‌లో నాలుగు విభాగాలు: వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్, బీమ్, ఫ్లోర్. వాల్ట్, బార్స్ ప్రధానంగా లారెంట్ చూసుకున్నారు. బీమ్, ఫ్లోర్ సెసిల్ చూసుకున్నారు. వాల్ట్‌కు పరుగు, వేగం కావాలి. పది సెంటీమీటర్ల వెడల్పున్న బీమ్ మీద నిలవాలంటే నిబ్బరం కావాలి. నేర్పే తీరు కూడా వేరువేరు. అందుకే ఎవరికి పట్టున్నది వాళ్లు తీసుకున్నారు.

మీరూ ఒక కాగితం తీసుకోండి. చేయాల్సిన పనులన్నీ రాసి, ప్రతి పనికీ ఎదురుగా ఒక్క పేరే రాయండి. సరుకుల బేరం ఎవరిది? లెక్కలు ఎవరివి? పనివాళ్ల జీతాలు ఎవరు చూస్తారు? పేరున్నవాళ్లదే చివరి మాట. రెండోవాళ్లు సలహా చెప్పొచ్చు, కానీ వచ్చినవాళ్ల ముందు మాత్రం వద్దు. ఇద్దరిదీ అనుకున్న పని చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

కష్టం వచ్చినప్పుడు ఒకే గొంతు

2021 జూలై 27న టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు ఫైనల్. వాల్ట్‌లో రెండున్నర ట్విస్టులు తిరగాల్సిన బైల్స్ ఒకటిన్నరకే దిగిపోయింది. గాలిలో తన శరీరం ఎటు తిరుగుతోందో తనకే తెలియని స్థితి అది. జిమ్నాస్ట్‌లు దాన్ని ట్విస్టీస్ అంటారు. ఆ స్థితిలో ఎగిరితే మెడ విరగొచ్చు. ఆమె పోటీ నుంచి తప్పుకుంది. ప్రపంచం ఎన్నో మాటలు అంది. కోచ్‌లిద్దరూ మాత్రం ఆమె పక్షానే నిలిచారు. వారం తిరిగేసరికి చివర్లో ట్విస్టు లేకుండా కిందికి దిగి బీమ్‌లో ఆమె కాంస్యం గెలిచింది.

పిల్లాడు పరీక్షకు భయపడుతుంటే నాన్న ‘రాయాల్సిందే’ అని, అమ్మ ‘మానేయ్ నాన్నా’ అని అంటే వాడి భయం రెట్టింపవుతుంది. ముందు మీరిద్దరూ విడిగా మాట్లాడుకోండి. ఎంతసేపైనా వాదించుకోండి. తలుపు తీసుకుని బయటికొచ్చాక మాత్రం ఒకే మాట చెప్పండి.

మార్కు కన్నా మనిషి ముఖ్యం

2023లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. యుర్చెంకో డబుల్ పైక్ అనే అత్యంత కష్టమైన వాల్ట్‌ను బైల్స్ చేస్తుంటే, లారెంట్ మ్యాట్ దగ్గరే నిలబడ్డారు. ఏమాత్రం తేడా వచ్చినా పట్టుకోవాలని! కోచ్ అలా నిలబడితే నిబంధన ప్రకారం అర పాయింటు కోత. వేలవంతు పాయింట్లలో పతకాలు తారుమారయ్యే ఆటలో అది పెద్ద నష్టమే. అయినా ఆయన కదల్లేదు. ఆ వాల్ట్ ఇప్పుడు బైల్స్ పేరుతోనే ఉంది.

మీ వ్యాపారంలో ఆ అర పాయింటు ఏది? జ్వరంతో ఉన్న పనివాడికి సెలవిచ్చి ఒక రోజు గిరాకీ పోగొట్టుకోవడమా? అలసిపోయిన భార్యకో భర్తకో విశ్రాంతినిచ్చి ఒక ఆర్డర్ వదులుకోవడమా? వదులుకోండి. పోయిన గిరాకీ మళ్లీ వస్తుంది.

పునాది వేసినవాళ్ల పేరు చెప్పండి

మన దేశంలోనూ ఇలాంటి జంట ఉంది. అగర్తలకు చెందిన దీపా కర్మాకర్ 2016 రియోలో వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఫైనల్లో స్వర్ణం బైల్స్‌దే. కాంస్యం దీపకు 0.15 పాయింట్ల తేడాతో చేజారింది. అదే ఏడాది ఆమె కోచ్ బిశ్వేశ్వర్ నందికి ద్రోణాచార్య పురస్కారం దక్కింది. అది ఆయనకు న్యాయంగా దక్కిన గౌరవం. అయితే చిన్నారి దీపకు తొలి పాఠాలు నేర్పిన కోచ్ ఆయన భార్య సోమా నంది. ఆ పేరు మనలో ఎందరికి తెలుసు?

మన దుకాణాల్లో పొద్దున్నే పిండి రుబ్బేది ఒకరు, గల్లాపెట్టె దగ్గర కనిపించేది మరొకరు. నలుగురూ మెచ్చుకున్నప్పుడు ‘ఇది మా ఆవిడ చేతి చలవ’, ‘ఇది మా ఆయన ఆలోచన’ అని పేరుపెట్టి చెప్పండి. లోపల మెచ్చుకుంటే చాలదు, పదిమందిలో చెప్పాలి.

దారి వేరైతే బెంగ వద్దు

పారిస్ తర్వాత సెసిల్ జార్జియా విశ్వవిద్యాలయం జట్టుకు సహ ప్రధాన కోచ్‌గా కొత్త బాధ్యత తీసుకున్నారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేశారని జీవితాంతం అలాగే చేయాలని లేదు. మీలో ఒకరికి కొత్త అవకాశం వస్తే ‘మరి నా సంగతేంటి?’ అని కాక ‘నువ్వు వెళ్లాలంటే నేనేం సర్దుకోవాలి?’ అని అడగండి.

కలిసి పనిచేసే దంపతుల మధ్య గొడవలు రావని ఎవరూ మాట ఇవ్వలేరు. కానీ గొడవల్లో ఎక్కువ భాగం ప్రేమ తగ్గినందుకు రావు, పనులు తేల్చుకోనందుకు వస్తాయి. కాబట్టి ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, కాగితం, పెన్ను తెచ్చుకుని ఇద్దరూ కూర్చోండి.